మా సైన్యానికి సున్నం వేసిన రోజులు

మీ కాలపు పిల్లలకి ఏదైనా పెట్టెలో పెట్టి పంపాల్సిందే. అన్నం పెట్టెలో వస్తుంది, చెప్పులు పెట్టెలో వస్తాయి, ఇప్పుడు యుద్ధం కూడా పెట్టెలోనే వస్తోంది. మా మనవరాలికి హైదరాబాదులో ఉద్యోగం. ఇంటి నుంచే పని అని మాచర్ల వచ్చి నెలల తరబడి ఉంటుంది, సంతోషమే. కాకపోతే ఆ పిల్ల వెంట నాలుగు సైన్యాలు కూడా వచ్చి మా ముందుగదిలో విడిది చేశాయి. ఒక అరలో రోము సిపాయిలు, ఒక అరలో నెపోలియను కాలం వాళ్లు, కింది అరలో ఆకుపచ్చ ఒళ్లూ కోరలూ ఉన్న పిశాచాల మంద, దాని పక్కన అంతరిక్షంలో కొట్టుకునే ఇనపచొక్కాల మనుషులు. మా ఆవిడ ఉప్పు జాడీలు పెట్టుకునే అరలవి. ఒక్కొక్కడూ నా బొటనవేలి కణుపంత ఉంటాడు. ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల సైజంట. ఆ కొలత కూడా కళ్ల దాకానేనట, టోపీ లెక్కలోకి రాదట. ఇనేవాడుంటే చెప్పేదానికేం.

వీటికి రంగులేసి, బల్ల మీద వరసలు కట్టి, పాచికలు వేస్తూ టేపుతో అంగుళాలు కొలిచి జరుపుతూ యుద్ధం ఆడతారు. ఆడేది ఒక పూట, రంగు వేసేది నెలలు. అదేంటే అంటే, "రంగేయడమే సగం ఆట తాతయ్యా" అంటుంది. మిగతా సగం కొరియరువాడి కోసం ఎదురుచూడటం అని నా లెక్క.

మా రోజుల్లో మాచర్ల, గురజాల వాళ్ల పల్నాటి యుద్ధం ఆడాలంటే, సైన్యం కోసం ముందు మట్టి తెచ్చుకోవాలి. చంద్రవంక ఒడ్డున బంకమట్టి తవ్వి, గోనెసంచిలో మోసుకొచ్చి, రాళ్లు ఏరి, మా అమ్మ దీపపు వత్తులకని దాచుకున్న పత్తిలోంచి గుప్పెడు కాజేసి మట్టిలో కలిపి పిసికేవాళ్లం. పత్తి కలిస్తే మట్టి బీటలివ్వదు. పల్నాట్లో పత్తికి కరువా? లోపల ఎముకలకి కందికంప, చేతిలో ఈటెకి చీపురుపుల్ల. చీపుళ్లన్నీ బోడివైపోతున్నాయని మా అమ్మ అదే చీపురుతో మా వీపుల మీద యుద్ధం చేసేది. బొమ్మల్ని ఎండలో పెట్టకూడదు. మా పక్కనే ఉన్న రెంటచింతల ఎండ సంగతి పేపరు చదివే ప్రతివాడికీ తెలుసు, మాచర్ల ఎండ దానికి తోడబుట్టిందే. అరగంటకే నెర్రెలిచ్చి మాచర్ల సేనని నడిపే బ్రహ్మనాయుడి కాలు ఊడి పక్కన పడేది. అందుకని వసారాలో నాపరాళ్ల మీద, నీడపట్టున వారం రోజులు ఆరబెట్టేవాళ్లం. ఆ వారం ఏం చేసేవాళ్లమంటారా? ఏమీ చేసేవాళ్లం కాదు. కూర్చుని చూసేవాళ్లం. ఈ కాలం పిల్లలకి ఆ విద్య ఎంత డబ్బు పోసినా రాదు.

ఆరాక సున్నం. పిడుగురాళ్ల బట్టీల సున్నం, పండక్కి గోడలకి కొట్టగా కుండ అడుగున మిగిలింది. బొమ్మని అందులో ముంచి తీస్తే తెల్లగా తేలేవాడు, ఆ తెలుపు మీద ఏ రంగు వేసినా పలికేది. మా మనవరాలు డబ్బా ఒకటి ఊపుకుంటూ మేడ మీదికి పోయి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని బుస్సుమని కొట్టి వస్తుంది. దాన్ని ప్రైమరంటారట. ఇదే పని కొండపల్లి వాళ్లు వందల ఏళ్లుగా చేస్తున్నారు కదే అన్నాను. తెల్లపొణికి కర్ర చెక్కి, కాళ్లూ చేతులూ విడివిడిగా చేసి, చింతగింజల జిగురులో రంపప్పొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన సున్నం పూసి, అది ఆరాక మేకవెంట్రుకల కుంచెతో రంగులు. "అవును తాతయ్యా, అదే ఇదీనూ" అంది. అదే ఇది అయినప్పుడు డబ్బాకి అంత ధరేంటో మాత్రం చెప్పదు.

ఇంకోటి కూడా అడిగాను. ఇరవైమంది సిపాయిల్ని వరసగా నిలబెట్టి, ముందు అందరికీ బూట్లు, తర్వాత అందరికీ బెల్టులు, తర్వాత అందరికీ మొహాలు వేసుకుంటూ పోతుంది. ఇదేం పద్ధతే, బూట్లు తప్ప ఒంటి మీద రంగు చుక్క లేకుండా ఇరవైమందిని నిలబెట్టడం, పరువు తక్కువ కాదూ అని. గుంపుకి గుంపు ఒకే ఛాయలో రావాలంటే ఇలాగే వేయాలట. అప్పుడు గుర్తొచ్చింది, కొండపల్లి ఇళ్లలోనూ ఇదే వరస, ఒకరు చెక్కితే ఒకరు అతుకుతారు, ఒకరు రంగేస్తారు, అంబారీ ఏనుగులన్నిటికీ ఒకేసారి ఎర్రగుడ్డ పడుతుంది. గుర్తొచ్చింది గానీ పైకి అనలేదు. ప్రతిదానికీ ఒప్పుకుంటూ పోతే ఇంట్లో పెద్దరికం ఏం మిగులుతుంది?

రంగుల సంగతి చెప్పాలి. మాకు ఎరుపంటే పసుపులో సున్నం కలిపింది. నీలమంటే చాకలి నీలిమందు. నలుపు దీపం మసి, మట్టిరంగు జేగురు, ఆకుపచ్చకి చిక్కుడాకు పసరు. అన్నిటినీ పట్టి ఉంచడానికి తుమ్మజిగురు, కంప చెట్టు ప్రతి గట్టు మీదా ఉండేది, డబ్బు పెట్టి కొన్నది ఒక్కటి లేదు. కళ్లు పెట్టడానికి తుమ్మముల్లు. ముల్లు మసిలో ముంచి ఒక్క పోటు, కన్ను తెరుచుకునేది. ఇప్పుడు ఆ పిల్ల దగ్గర మూడు సున్నాల సన్నం కుంచె ఉంది, భూతద్దం ఉంది, భూతద్దం చుట్టూ దీపం ఉంది, అయినా కుడికన్ను ఆకాశంకేసి, ఎడమకన్ను భూమికేసి చూస్తాయి. మా ముల్లుకి అట్టాంటి చూపు ఎప్పుడూ రాలేదు. మా వాళ్లందరి కళ్లూ ఎదురుగా ఒకే చుక్కకేసి చూసేవి, కాస్త పిచ్చివాళ్లలాగా కనపడేవాళ్లే అనుకోండి, యుద్ధంలో ఉన్నవాడు ఇంకెలా ఉంటాడు?

పసుపు సున్నం ఎరుపు ఎండకి నిలవదు. చిక్కుడు పసరు వారానికల్లా గోధుమరంగులోకి దిగుతుంది. మాచర్ల సేనకి ఎరుపు, గురజాల సేనకి ఆకుపచ్చ అని గొప్పగా విడదీసుకున్న మాకు పది రోజులకి రెండు వైపులా ఒకే మాడు రంగు మిగిలింది. ఎవరు ఎవరిని పొడుస్తున్నారో తెలియక, చచ్చినవాళ్లని పంచుకోవడంలో అసలు పోరు జరిగింది. అయితేనేం, అన్నదమ్ములు కొట్టుకున్న యుద్ధమే కదా అది, రంగు ఒకటి కావడమే న్యాయం.

మా మనవరాలి సీసాలో రంగు వెలిసిపోదట. ఒక్కో సీసాకి ఒక్కో పేరు, ఆకుపచ్చలోనే పన్నెండు సీసాలు. రంగు వేశాక పల్చటి గోధుమ నీళ్లు ఒకటి పోస్తుంది, అది మడతల్లోకి, గోళ్ల సందుల్లోకి పారి నీడలు పడతాయి. దాన్ని వాష్ అంటారు. మా బొమ్మల కొలువు బొమ్మలకి ఆ నీడలన్నీ అటక మీద దుమ్మే ఉచితంగా పెట్టేది. ఆ తర్వాత కుంచె రంగులో ముంచి, ఆ రంగంతా గుడ్డకి తుడిచేసి, దాదాపు ఏమీ లేని కుంచెతో పైపైన రాస్తుంది. ఎత్తుగా ఉన్న అంచులకే అంటుకుంటుందట. రంగు తుడిచేయడానికి రంగు కొనడం నా జన్మలో చూడలేదు. చివరికి పీఠం మీద ఇసుక, ఇసుకలో గడ్డి దుబ్బులు. ఆ గడ్డి కూడా డబ్బాలో కొన్నది! మాచర్లలో కూర్చుని గడ్డి కొనుక్కునే రోజు వస్తుందని మా నాన్నకి చెబితే నన్ను ఎడ్లకొట్టంలో కట్టేసేవాడు.

ఒక్కో గుంపుకి ఒక్కో నీతి ఉందని ఇన్నాళ్లు చూశాక తెలిసింది. నెపోలియను కాలం వాళ్లతో వేళాకోళం కుదరదు. ఇంగ్లీషు సిపాయికి కోటు ఎరుపే, కానీ కాలరుకీ, చేతి మడతలకీ పటాలానికో రంగు. అది తప్పు వేస్తే తెలిసినవాడు చూసి నవ్వుతాడట. ఇది నాకు నచ్చింది, కులగోత్రాల పట్టింపు మాకేనేమో అనుకున్నాను. ఇదే ఎర్రకోటు తొడుక్కుని కంపెనీ వాళ్ల మద్రాసు సైన్యంలో మన తెలుగువాళ్లు ఎంతమంది పోరాడలేదు? శ్రీరంగపట్నంలో 1799లో, అస్సాయేలో 1803లో ఆ సిపాయిలు ఉన్నారు. అస్సాయేలో వాళ్లని నడిపించిన వెల్లెస్లీయే తర్వాత వాటర్లూలో నెపోలియనుని ఓడించిన వెల్లింగ్టను. ఆయన బొమ్మ గుర్రంతో సహా ఉంది, మనవాడి బొమ్మ ఒక్కటి లేదేమే అంటే పెట్టెలో రాలేదంటుంది. పెట్టెలో రానివాడు చరిత్రలోనూ లేడన్నమాట. రోము వాళ్లు కొంత నయం. మన నాగార్జునకొండ తవ్వకాల్లో రోము బంగారు నాణేలు దొరికాయి, ఆ లెక్కన పాత ఖాతాదారులు. పిశాచాల గుంపులో మాత్రం ఏ రంగైనా చెల్లుతుంది, అడిగేవాడు లేడు. అందుకే వాటిలో రెండిటికి నేనే వేశాను, నీలిమందుతో. బాగానే వచ్చాయి. ఆ ఇనపచొక్కాల వాళ్ల గురించి నన్నడగొద్దు. చొక్కా ప్రతి అంచునా వెంట్రుకవాసి గీత గీస్తూ రాత్రి పన్నెండు దాకా కూర్చుంటుంది, ఆ కరెంటు బిల్లు నేను కడతాను.

అసలు నా గొడవ రంగుల గురించి కాదు. ఓ రోజు ఒకణ్ణి చేతిలోకి తీసుకుని "వీడి పేరేంటే?" అన్నాను. పేరు లేదంది. ఏ ఊరు? ఊరూ లేదు. ఎవరి కొడుకు? నవ్వింది. ఊరూ పేరూ లేనివాడికి కనురెప్పల మీద కూడా రంగేస్తున్నావంటే నీ ఓపికకి దండం పెట్టాలి! మా వసారాలో నిలబడ్డవాళ్లలో పేరు లేనివాడు ఒక్కడు లేడు. కోడిపందెం ఓడి ఏడేళ్లు ఊరు విడిచిపోయిన మలిదేవరాజు, ఆయన్ని నడిపిన బ్రహ్మనాయుడు, ఆయన తన కొడుకని చెప్పుకున్న కన్నమదాసు, రాయబారానికి పోయి తిరిగిరాని అలరాజు, పెళ్లాం మాంచాల దగ్గర సెలవు తీసుకుని వచ్చిన బాలచంద్రుడు. పందెపు కోడి చిట్టిమల్లుకి కూడా మట్టితో తోక పెట్టాం. వీళ్లందరినీ ఒకే ఈతచాప మీద నిలబెట్టేవాళ్లం. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడు, చాపకూడంటారు, మరి ఆయన సైన్యానికి వేరే పీఠాలెందుకు? ఈ కథంతా మేం పుస్తకంలో చదివింది కాదు. శ్రీనాథుడి పల్నాటి వీరచరిత్రని అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లోనే అచ్చువేయించారని పెద్దయ్యాక తెలిసింది. మాకు కథ చెప్పింది కారంపూడి తిరునాళ్లలో పాడే వీరవిద్యావంతులు. వాళ్లు పాడుతుంటే నాగులేటి గట్టున కూర్చున్న ముసలాళ్లు నిన్న జరిగినట్టు ఏడ్చేవాళ్లు. జరిగి ఎనిమిది వందల ఏళ్లు దాటింది.

ఇంతా చెప్పాక ఆ పిల్ల ఊరుకుంటుందా? "మరి బాలచంద్రుడికి ఏ రంగు బట్టలని మీకెలా తెలుసు తాతయ్యా?" అంది. తెలియకపోవడమేంటి, 1966లో పల్నాటి యుద్ధం సినిమా వచ్చింది, రామారావు బ్రహ్మనాయుడు, హరనాథ్ బాలచంద్రుడు, దాన్నిబట్టే వేశాం అన్నాను. సెల్‌ఫోన్లో చూసి, "అది బ్లాక్ అండ్ వైట్ కదా తాతయ్యా" అంది. గోడ మీద పోస్టరు రంగుల్లోనే ఉంది మరి! సినిమాకి రంగులు లేకపోతే ఆ లోటు పోస్టరువాడు తీర్చాడు, వాడు వేసిన రంగే మాకు ప్రమాణం. దానికి ముందు 1947లో వచ్చిన పల్నాటి యుద్ధంలో నాగేశ్వరరావు బాలచంద్రుడు, అదీ నలుపూ తెలుపే. మా పెద్దన్న దాన్ని చూసి, బాలచంద్రుడి తలపాగా పసుపని ఒట్టేసి చెప్పేవాడు. ఈ విషయం ఇంతటితో ఆపుదాం.

పెద్ద తగువు గురజాల మంత్రి నాగమ్మ దగ్గర వచ్చింది. మా మేనమామ కొడుకు గురజాల వాడు, వేసవి సెలవల్లో మీటరు గేజి బండెక్కి వచ్చేవాడు, మా ఆటలో గురజాల నలగామరాజు సేన మొత్తం వాడిది. వాడు కూడా నాగమ్మ బొమ్మ చేయడానికి జంకేవాడు. చేస్తే ఎవడో ఒకడు తల తీసేసేవాడు. సినిమాలో మొదట కన్నాంబ, తర్వాత భానుమతి వేసిన వేషమది, చూస్తేనే భయం. ఇప్పుడు మా మనవరాలు ఏమంటుంది? జిట్టగామాలపాడులో పెరిగిన ఆడమనిషి రాజుకి మంత్రి అయి రాజ్యం నడిపితే, పాడినవాళ్లంతా మగాళ్లు గనక ఆమెని చెడ్డదాన్ని చేశారట. అక్కడితో ఆగలేదు, స్నేహితురాలెవరో కంప్యూటరులో బొమ్మ చెక్కి, యంత్రంలో జిగురుద్రవం పోసి నాగమ్మని అచ్చు తీసి పంపించింది. పక్కనే దుర్గిలో రాతిని వేళ్లతో మాట్లాడించే శిల్పులుండగా, దేశమంతా పేరున్న పని వాళ్లది, నాగమ్మ మాత్రం హైదరాబాదు నుంచి యంత్రంలో ముద్రపడి కొరియరులో రావాలి. ఇక చూడండి, ఆకుపచ్చ చీర, దానికి జరీ అంచు, ముక్కుకి ముక్కెర, అన్నీ వేసి మాచర్ల వాడి ఇంట్లో, మాచర్ల చెన్నకేశవస్వామి పటం కింద పెట్టింది. మా ఆవిడ ఏమనాలి? "ముక్కెర బాగుందే" అంది. సొంత ఇంట్లోనే సేన చీలిపోయాక నేనేం యుద్ధం చేస్తాను?

ఇదంతా ఇంగ్లీషు వాళ్ల పిచ్చే అని ఒకసారి విసుక్కున్నాను. అవునని చెప్పి చరిత్ర మొత్తం ఏకరువు పెట్టింది. బ్రిటన్స్ అనే కంపెనీ 1893లో లోపల డొల్లగా ఉండే సీసపు సిపాయిల్ని పోత పోయడం మొదలుపెట్టిందట. అదే బొమ్మలతో నేల మీద పాకుతూ యుద్ధాలాడిన హెచ్.జి. వెల్స్, ఆయనే టైమ్ మెషిన్ రాసినాయన, 1913లో ఆ ఆటకి నియమాలతో లిటిల్ వార్స్ అనే పుస్తకం రాశాడు. స్ప్రింగు ఫిరంగితో కర్రముక్కలు పేల్చి బొమ్మల్ని పడగొట్టడమే ఆట. నిజం యుద్ధం కన్నా ఇది ఎంత నయమో చూడండని అందులోనే మొత్తుకున్నాడు. మరుసటి ఏడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఎయిర్‌ఫిక్స్ వాళ్ల ప్లాస్టిక్ సిపాయిలు 1959లో, వార్‌హామర్ అనే ఆట 1983లో, దాని అంతరిక్షం గోల 1987లో. పెద్ద మనిషి వెల్సు నేల మీద పాకడం నాకు నచ్చింది. మేమూ పాకినవాళ్లమే. మట్టిబెడ్డలు విసిరి బొమ్మల్ని పడగొట్టేవాళ్లం, నియమం ఒక్కటే, చెయ్యి గడప దాటకూడదు. వీళ్ల నియమాల పుస్తకం మా ఇంట్లో భారతమంత ఉంది. దాన్ని చూసి ఇద్దరు పిల్లలు గొంతు పెంచి వాదించుకుంటుంటే పాత మునసబు కోర్టు గుర్తొచ్చి భయమేసింది.

ఇప్పుడు కొత్త పని పెట్టుకుంది. కారంపూడి వీరులు అరవై ఆరుగురంటారు కదా, ఆ అరవై ఆరుగురినీ ఒక గుంపుగా చేస్తుందట. మేం అప్పట్లో మొదలుపెట్టి సగం కూడా చేయలేకపోయాం, వానాకాలం వచ్చి చేసినవాళ్లు కూడా మళ్లీ మట్టయిపోయారు. ఆ పిల్ల యంత్రం బొమ్మలు వానకి కరగవు, అదొక్కటి వాటిలో మెచ్చుకోవాల్సిన గుణం. పేర్లు నేను చెప్పాలి, రంగులు తను వేస్తుంది. నలభై దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పాను, ఆ తర్వాత దగ్గొచ్చింది. మిగతా పేర్లు కారంపూడిలోనే కనుక్కోవాలి.

కాబట్టి ఒరే అబ్బాయిలూ, అమ్మాయిలూ, మీ అలమరల్లో రంగు పడని బూడిదరంగు సైన్యాలు గుట్టలు గుట్టలుగా ఉంటాయని మా మనవరాలే చెప్పింది. వాటిని కాసేపు అలాగే ఉండనిచ్చి, కార్తీక అమావాస్యకి కారంపూడి రండి. వీరుల తిరునాళ్లు ఐదు రోజులు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. పల్నాట్లోని ఊళ్ల నుంచి వీరుల ఆయుధాలు మోసుకుని వస్తారు, ఏ ఆయుధం ఎవరిదో, ఏ గుడ్డ ఏ రంగో అక్కడ చూసి రాసుకోండి. మాచర్ల నుంచి బస్సుంది. మా ఇంట్లో దిగితే అన్నం పెడతాం, నాపరాళ్ల వసారా అలాగే ఉంది, నీలిమందు ఇప్పటికీ కొట్లో దొరుకుతుంది. నాగమ్మ చీర గురించి మాత్రం నా దగ్గర ఎత్తకండి.